కారణం చెప్పని గీతలు

కుట్టు షాపు,
ఆదివారం మధ్యాహ్నం

బుల్లీ,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోను చేస్తే మీ అన్నయ్య పక్కన చేరి, "ఏమంటోంది మన గీతలమ్మ?" అంటూ నీ మాటలూ నా మాటలూ ఆయనే మాట్లాడేస్తారు. ఆయన చెవిన పడకూడని సంగతి ఒకటి నీకు చెప్పాలి.

ముందు ఆయన చెప్పమన్నది చెప్తాను. ఇల్లు మొదలుపెడుతున్నాం. మేస్త్రి కుదిరాడు. కింద మేం ఉండటానికి, పైన నా కుట్టు షాపు. "ప్లానుకేముంది, మా బుల్లి ఆర్కిటెక్టు కదా, ఓ ఆదివారం కూర్చుంటే గీసి పడేస్తుంది" అన్నారు. ఇల్లు గీయడమంటే ఆదివారం పేపర్లో గళ్లనుడికట్టు అనుకుంటున్నారు పాపం.

ఇక నా సంగతి. నాకు చూపు పోతోంది, బుల్లీ. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను. చుట్టుపక్కల నుంచి మాత్రం మూసుకొస్తోంది, గొట్టంలోంచి చూస్తున్నట్టు. మసక వెలుతురులో మెట్టు అంచు తెలియదు. కళ్ల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "దీనికి మందు లేదమ్మా, నెమ్మదిగా పోతుంది, ఎంత నెమ్మదిగానో నేను చెప్పలేను" అంది.

ఆయనకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నీకూ తెలుసు. మావయ్యగారి జబ్బప్పుడు మందు లేదన్న డాక్టరు మాట నమ్మక, ఊరూరా తిప్పి, చివరికి ఆ పెద్దాయన్ని తన మంచం మీద తాను పోనివ్వలేదు. నా విషయంలోనూ అంతే అవుతుంది. ఇల్లు ఆగిపోతుంది, షాపు మూతపడుతుంది, ఉన్న కాస్త చూపూ ఆస్పత్రి వరండాలు చూడటానికే సరిపోతుంది.

రేపు కళ్లు పూర్తిగా పోయినా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరగగలిగే ఇల్లు కావాలి నాకు. అది అందుకని ఆయనకు తెలియకూడదు. గీయగలవా? జవాబు షాపు అడ్రసుకు రాయి. కాస్త ముదురు సిరాతో.

మీ వదిన

•

ఆఫీసు,
వానలకు ముందు

వదినా,

మొదటి ఉత్తరం చదివిన రోజు బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చి వచ్చాను. ఆ తర్వాత నిన్ను ప్రశ్నలతో చంపాను. ఏ చేత్తో గోడ పట్టుకుంటావు, ఇస్త్రీపెట్టె ఎక్కడ పెడతావు, అర్ధరాత్రి దాహం వేస్తే ఎటు నడుస్తావు... అన్నిటికీ ఓపిగ్గా రాశావు. నీ జవాబులే ఇల్లయ్యాయి. డ్రాయింగులు ఇవాళ అన్నయ్య పేరున పంపాను. వాటిలో రాయని కారణాలు నీకు మాత్రం రాస్తున్నాను.

ఇల్లంతా ఒకే మట్టం. ఎక్కడా గడప లేదు, ఎక్కడా కాలు తడబడదు. వీధి తలుపు నుంచి వంటగది దాకా నడవ తిన్నగా వెళ్తుంది. నీ కుడిచేతి గోడకు చెక్క పట్టీ ఉంటుంది, దాన్ని తాకుతూ వెళ్తే చాలు. నడవ చివర కిటికీ పెట్టలేదు. ఎదురుగా వెలుతురు కొడితే నీలాంటి కళ్లకు ముందున్నదేదీ కనబడదు. వెలుతురు పక్కనుంచి, పైనుంచి రావాలి. మెట్లు తిన్నగా, అన్నీ ఒకే ఎత్తు, రెండు వైపులా పట్టుకమ్మి. మెట్ల మొదట్లో గరుకు రాయి. పాదానికి అది తగిలితే మెట్లు వచ్చాయని అర్థం.

ఒక్క గీత మారినా నాకు రాయి. ఇంకొక మాట, నీకు కోపం వచ్చినా సరే. అన్నయ్యకు చెప్పు. కారణం చెప్పకుండా గీతలు కాపాడటం చాలా కష్టం వదినా. కారణం చెప్పినప్పుడే ఎవరూ వినరు.

బుల్లి

•

కుట్టు షాపు,
వానల్లో

బుల్లీ,

గోడలు లేచాయి. కంగారు పడకుండా చదువు.

నీ డ్రాయింగు మేస్త్రి దగ్గర భద్రంగా ఉంది, సిమెంటు బస్తాల మీద టీ గ్లాసుల కింద. నిన్న నడవలో నిలబడి, "ఇంత పొడుగు నడవకు చివర ఒట్టి గోడా? చూసినవాళ్లు జైలనుకుంటారు సార్" అన్నాడు. మీ అన్నయ్యకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. "నిజమే. నిలువెత్తు అద్దాల కిటికీ పెట్టించు. ఇల్లంతా వెలిగిపోవాలి" అన్నారు. గోడ పడగొట్టారు.

నేను పక్కనే ఉన్నాను. "నాకు వెలుతురు వద్దండీ" అని ఏ నోటితో అనను? "బుల్లి ఏదో ఆలోచించే గీసుంటుంది కదా" అన్నాను. ఆయన నవ్వి, "అది కాగితం మీద ఆలోచిస్తుంది, మేం ఇటుక మీద ఆలోచిస్తున్నాం" అన్నారు. మేస్త్రి కూడా నవ్వాడు.

ఆయన్ని తిట్టకు. రోజూ తన లేతు వర్క్‌షాపు మూయగానే సైటుకు పరుగెత్తి, చీకటి పడేదాకా గోడలకు నీళ్లు కొడుతున్నారు. ఆ అద్దం కూడా నా కోసమేనట. "నీకు కుట్టుకోవడానికి వెలుతురు కావాలి కదా" అన్నారు.

వదిన

•

ఆఫీసు,
అదే వారం

వదినా,

తిట్టకు అన్నావు. ఫోను చేసి తిట్టాను.

"వెలుతురు ఎక్కువైతే తప్పేమిటే? మీ కాలేజీలో చీకటికి మార్కులు వేసేవాళ్లా?" అన్నాడు. ఆ గోడ అక్కడ ఎందుకుందో నాకు తెలుసన్నాను. "అయితే చెప్పు" అన్నాడు. అంతే, నా నోటికి తాళం పడింది. "చూశావా, నీకే తెలీదు" అని ఫోను పెట్టేశాడు.

ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడి, "డాక్టరుగారూ, ఆ కోత కాస్త ఇటుపెడితే దర్జాగా ఉంటుందేమో" అని ఎవరైనా అంటారా? ఇల్లు మాత్రం అందరూ ఉండేదే కాబట్టి అందరికీ వచ్చినట్టే. నేను బొమ్మలు వేసుకునే మనిషిని. నిజమైన పని మేస్త్రిది, నిజమైన నిర్ణయం అన్నయ్యది, మధ్యలో నేను పెళ్లిలో పిలవని చుట్టాన్ని. లేతు మీద వెంట్రుకవాసి తేడా వస్తే ముక్క అవతల పారేసే మనిషి కదా వాడు! ఇంటి దగ్గరకొచ్చేసరికి కొలత ఎందుకు చులకనైంది?

సరే, వాడి మీద కోపం వాడికి. నీ మీదా నాకు కోపంగానే ఉంది. "బుల్లి ఏదో ఆలోచించే గీసుంటుంది" అన్నావు. ఏదో కాదు వదినా. నీ గురించి ఆలోచించాను. నువ్వు పక్కనే నిలబడి నన్ను ఆ 'ఏదో'లో కలిపేశావు.

బుల్లి

•

కుట్టు షాపు

బుల్లీ,

నువ్వు రాసింది నిజమే. వాదించను.

హాలు ఒక మెట్టు కిందికి దించారు. అలా దించితే పెద్దింటి కళ వస్తుందన్నాడు మేస్త్రి. నిన్న సాయంత్రం అక్కడే కాలు జారి మోకాళ్ల మీద పడ్డాను. ఇసుక మీద జారానని చెప్పాను. మీ అన్నయ్య కూలీల మీద విరుచుకుపడ్డారు, ఇసుక అక్కడెందుకు పోశారని. అక్కడ ఇసుకే లేదు. ఏ పాపం ఎరుగని వాళ్లు నా మూలంగా మాటలు పడ్డారు.

ఇప్పుడు మెట్లు. కింద సామాన్ల గది కలిసొస్తుందని మూలన మెలిక తిప్పుతారట. మెలిక దగ్గర మెట్టు ఒక వైపు వెడల్పు, ఇంకో వైపు బొటనవేలు పట్టేంత. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగిస్తున్నారు. నా మాట చెల్లదు. ఒక్కసారి వచ్చి నువ్వే చెప్పు.

వదిన

•

తిరుగు రైల్లో

వదినా,

రైలు ఊగుతోంది, అక్షరాలు వంకరపోతున్నాయి. అయినా ఇంటికెళ్లేదాకా ఆగితే ఈ కోపం చల్లారిపోతుంది. చల్లారకముందే నీకు అందాలి.

నేను వచ్చేసరికే మెట్లకు కాంక్రీటు పోసేశారు. చూశావుగా ఏం జరిగిందో. "పగలగొట్టాలి" అన్నాను. మేస్త్రి పలుగు కింద పడేసి, "అమ్మాయిగారూ, ఇన్నేళ్లలో నేను కట్టిన మెట్లు ఎవరూ పగలగొట్టమనలేదు" అన్నాడు. అతనిది తప్పు కాదు. అతనికి కారణం ఎవరూ చెప్పలేదు. అన్నయ్య నన్ను పక్కకు పిలిచి, అరవకుండా, మెల్లగా అడిగాడు. "బుల్లీ, నువ్వు ఊరికే మొండికేసే పిల్లవు కాదు. ఒక్క కారణం చెప్పు. నేనే గునపం పట్టుకుంటాను."

వాడు అంత మంచిగా అడగడం నా జన్మలో చూడలేదు. నేను నీ వైపు చూశాను. నువ్వు తల వంచుకుని చీర కుచ్చిళ్లకు అంటిన సిమెంటు దులుపుకుంటున్నావు.

"అలా ఉంటే బాగుంటుందని" అన్నాను. ఆర్కిటెక్టులందరూ ఏమంటారని జనం అనుకుంటారో, సరిగ్గా అదే అన్నాను. మేస్త్రి మొహం తిప్పుకుని నవ్వాడు. నాకు సిగ్గేసింది వదినా. నా పని నాకే అందాల పోటీలా వినిపించింది.

ఇంటి పని నుంచి నేను తప్పుకుంటున్నాను. ఆ మెట్ల మీద నువ్వు పడితే అవి నేను గీసిన మెట్లు కావు. కానీ పడబోతావని నాకు తెలుసు, తెలిసీ నోరు మూసుకున్నాను. ఆ బరువు నా మీద పెట్టే హక్కు నీకు లేదు.

బుల్లి

•

కుట్టు షాపు,
చాలా రోజుల తర్వాత

బుల్లీ,

చెప్పేశాను.

నీ ఉత్తరం చదివి, షాపు తలుపు దగ్గరగా వేసి, ఆయన్ని వర్క్‌షాపు నుంచి పిలిపించాను. గ్రీజు చేతులతోనే వచ్చారు. స్టూలు మీద కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. డాక్టరమ్మ మాట, గొట్టం, మెట్టు అంచు, ఇసుక లేని చోట ఇసుక. ఏడుస్తారనుకున్నాను. ఏ ఆస్పత్రి పేరో ఎత్తుతారనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"బుల్లికి ముందు చెప్పావా?"

"ఇల్లు గీయాలి కదండీ..."

"ఇల్లు గీసేదానికి చెప్పావు. ఇంట్లో ఉండేవాడికి చెప్పలేదు."

లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. మందు లేదన్న మాట స్వయంగా డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి విని వచ్చారు. మావయ్యగారప్పటిలా ఇంకో డాక్టరు దగ్గరకు పరుగెత్తలేదు. నేనే ఆయన్ని తక్కువ అంచనా వేశానేమో. మరునాడే మెలిక మెట్లు పగలగొట్టించారు. మొదటి దెబ్బ తానే వేశారట. మేస్త్రికి కారణం చెప్పలేదు; బయట ఒక్కరికి కూడా చెప్పొద్దని నేను ఒట్టు వేయించుకున్నాను. చూపు లేని టైలరుకు జాకెట్టు గుడ్డ ఎవరిస్తారు?

అంతా చక్కబడిందనుకుంటున్నావు కదూ? లేదు. ఇప్పుడు మెట్లే వద్దంటున్నారు. పైన షాపు వద్దు, నేను పైకి ఎక్కనే కూడదు. వంటగదికి తలుపు పెట్టి తాళం వేస్తారట, మంట దగ్గరకు వెళ్లకుండా. వెనకాల ఒక గది, దాన్నిండా పట్టుకమ్ములు, నేను అందులో కూర్చుంటే చాలట. తెలియనప్పుడు పడిపోయే ఇల్లు కట్టారు. తెలిశాక కదలలేని ఇల్లు కడతామంటున్నారు. దేనికి ఏడవాలో తెలియడం లేదు.

తప్పుకున్నానన్నావు. అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. మళ్లీ రా.

వదిన

•

ఆఫీసు,
చలి మొదలైంది

వదినా,

నేను రావాల్సిన పని లేకుండా ఆయనగారే వచ్చారు. నీకు చెప్పి వచ్చాడో లేదో.

రిసెప్షన్లో పెద్ద పెద్ద బిల్డర్ల మధ్య, ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో నా డ్రాయింగు చుట్ట పట్టుకుని కూర్చున్నాడు. దాని మీద టీ గ్లాసు మరకలు గుండ్రంగా, ఒలింపిక్ జెండాలా ఉన్నాయి. ఇన్నేళ్లలో నేను పనిచేసే చోటుకు వాడు రావడం ఇదే మొదటిసారి. నాకు దణ్ణం పెడతాడేమోనని భయమేసింది. పెట్టలేదులే. కూర్చోగానే పోట్లాట మొదలుపెట్టాడు.

"మెట్లు తీసెయ్. ఆమె పడిపోతే ఎవరిది బాధ్యత?"

"పడిపోకుండా గీశాను. కూర్చోబెట్టడానికి గీయలేదు."

"నువ్వు దూరంగా ఉంటావు. రోజూ చూసుకోవాల్సింది నేను."

"అయితే చెప్పు. వదిన పొద్దున్న లేచి మొదట ఏ గదిలోకి వెళ్తుంది? గుడ్డ కత్తిరించేటప్పుడు ఏ పక్క నిలబడుతుంది? పప్పు డబ్బా ఏ చేతికి అందాలి?"

వాడికి ఒక్కటీ తెలియదు. ఏదేదో ఊహించి చెప్పాడు, నేను నీ జవాబులు చదివి వినిపించాను. మధ్యలో చెయ్యెత్తి ఆపేశాడు. "ఇవన్నీ నువ్వు అడిగావా?" అన్నాడు. "గీత గీయడం ఆఖరి పని అన్నయ్యా. అంతకు ముందంతా అడగడమే" అన్నాను. కాగితాలు ఎగరకుండా బల్ల మీద పెట్టే గాజు గుండ్రాయిని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు. తర్వాత, నన్ను కాదు, ఆ గుండ్రాయిని అడిగినట్టు, "నన్నెందుకు అడగలేదు ఎవరూ?" అన్నాడు. దానికి జవాబు నీ దగ్గర ఉంటే నువ్వే చెప్పు.

కుదిరింది ఇదీ. తిన్నటి మెట్లు ఉంటాయి, పైన నీ షాపు ఉంటుంది. హాలు మట్టం ఎత్తుతారు. నడవ చివరి అద్దాన్ని నడుము ఎత్తుదాకా ఇటుకతో మూసి, మిగతాదానికి ఏటవాలు చెక్క పలకలు, వెలుతురు సూటిగా కొట్టకుండా. పాత గోడ కడదామంటే మాత్రం ఒప్పుకోలేదు. వంటగది తలుపు తీసెయ్యమని ఎంత మొత్తుకున్నా వినలేదు. "అంతా నీ మాటే నెగ్గాలా?" అన్నాడు. తాళం మాత్రం ఉండదు. అది సగం తెరుచుకుని నీ దారికి అడ్డం వస్తుంది, రోజూ భుజానికి తగులుతుంది. తగిలినప్పుడల్లా వాణ్ణి తిట్టుకో, నన్ను కాదు.

ఇంత కొట్లాడినా సగం గెలిచి సగం ఓడాను. నా వృత్తిలో దీన్నే విజయం అంటారు.

బుల్లి

•

కొత్త ఇల్లు, పైగది,
ఎండలు ముదిరాయి

బుల్లీ,

ఇంట్లోకి వచ్చేశాం. మెట్ల మీద చెయ్యి కమ్మిని వదలకుండా పైదాకా వస్తున్నాను. కాలికి గరుకు రాయి తగలగానే దానంతటదే ఆగుతుంది. వంటగది తలుపు నువ్వన్నట్టే రోజూ నా భుజాన్ని పలకరిస్తోంది. తిట్లు ఆయనకే చేరుతున్నాయి.

ఇవాళ్టి సంగతి రాయాలి. నా షాపు ఆడవాళ్లు, ఇరుగుపొరుగు, ఇల్లు చూస్తామని వచ్చారు. మేస్త్రి కూడా వచ్చాడు. ఎదురింటావిడ మెట్లు ఎక్కి దిగి, "ఎంత సుఖంగా ఉన్నాయండీ, మోకాళ్లు పట్టనే లేదు. ప్లాను ఎవరిది?" అంది. మేస్త్రి అందుకున్నాడు. "ప్లాను ఏముందమ్మా, అనుభవమే. మొదట ఎవరో ఆర్కిటెక్టు గీసిచ్చారు గానీ, దాంతో ఇల్లు కట్టలేం. అన్నీ మేమే చూసుకున్నాం."

మీ అన్నయ్య వైపు చూశాను. ఆయన నోరు తెరిచి, నన్ను చూసి, మూసేసుకున్నారు. ఆ మొహం నేను ఎక్కడ చూశానా అని ఆలోచించాను. ఆ రోజు సైటులో నీది.

"కాదు" అన్నాను. గట్టిగానే వచ్చింది. "ఈ ఇల్లు మా ఆడపడుచు గీసింది. నాకు చూపు పోతోంది. మెట్లు తిన్నగా ఉన్నది అందుకు. ఇంట్లో ఎక్కడా గడప లేనిది అందుకు. మేం చెడగొడితే తను మళ్లీ బాగు చేయించింది. ఆ హాలు దించి మీరు నన్ను పడేశారు మేస్త్రీ, మీకు తెలియదు, తప్పు నాది."

మేస్త్రి మెట్ల వైపు చూసి, "ముందే చెప్పుంటే నేను మెలిక తిప్పేవాణ్ణా అమ్మా" అన్నాడు. నిజంగా నొచ్చుకున్నాడు. అప్పటికప్పుడే ఒకావిడ కుట్టకుండా ఉన్న తన గుడ్డ తీసుకెళ్లిపోయింది, ఊరెళ్తున్నానని. ఇంకో ఇద్దరు కూడా తీసుకెళ్తారనుకుంటున్నాను. ఎదురింటావిడ మాత్రం, "మా ఇంటికీ మీ ఆడపడుచు చేత ఊరికే ఓ గీత గీయించకూడదూ?" అంది. ఊరికే గీయదని చెప్పాను. వస్తే అత్తగారి మోకాళ్ల నుంచి మొదలుపెట్టి అన్నీ అడుగుతుందనీ చెప్పాను. ఆలోచించుకుంటానంది.

అందరూ వెళ్లాక ఆయన కింద మెట్టు మీద కూర్చున్నారు. ఒట్టు నేనే వేయించుకుని నేనే తప్పానని కోపమేమో అనుకున్నాను. పక్కన కూర్చున్నాను.

"అందరికీ చెప్పేశావు" అన్నారు.

"చెప్పేశాను."

"అయితే ఇక నేనూ చెప్పొచ్చా?"

"ఎవరికి?"

"ఎవరికైనా. వర్క్‌షాపులో నా స్నేహితుడికి. ఇన్ని నెలలు వాడి పక్కనే పనిచేస్తూ..." అన్నారు. మాట మధ్యలోనే ఏడ్చేశారు. మావయ్యగారు పోయినప్పుడు కూడా ఆ మనిషి ఏడవగా నేను చూడలేదు. చెయ్యి పట్టుకున్నాను. కాసేపయ్యాక మొహం తుడుచుకుని, చెప్పులు వేసుకుని, ఆ స్నేహితుడింటికి వెళ్లారు. ఇంకా రాలేదు. తలుపు తీసే ఉంచాను.

వదిన